మెమెంటోల ఆర్డర్ ఏటికొప్పాకకి ఎందుకివ్వం?

డిసెంబరు, జనవరి వచ్చాయంటే వైజాగ్‌లో ఎగ్జిబిషన్ల సీజన్. మధురవాడ శిల్పారామంలో ఏదో ఒక మేళా నడుస్తుంటుంది, ఏయూ ఇంజినీరింగ్ కాలేజీ గ్రౌండ్లో షెడ్లు లేస్తాయి, బీచ్ రోడ్డు వైపు కూడా స్టాల్స్ కనబడతాయి. సరిగ్గా అప్పుడే అమెరికా నుంచి మనమూ దిగుతాం, పిల్లలకి సెలవులు కదా. ఈ మేళాల్లో అందరికంటే గట్టిగా బేరమాడేది ఎవరని స్టాల్‌వాళ్లని అడిగితే మొహమాటం కొద్దీ చెప్పరు గానీ, చెప్పక తప్పదంటే మన వైపే చూస్తారు. డల్లాస్‌లో కాఫీకి ఆరు డాలర్లు మారు మాట్లాడకుండా ఇచ్చే మనిషి, ఇక్కడ లక్క కుంకుమభరిణె మూడొందలంటే "ఫైనల్ ఎంత, రెండు తీసుకుంటాలే" అంటాడు.

బేరం తప్పని చెప్పడానికి ఇది రాయడం లేదు. పూర్ణా మార్కెట్ చుట్టూ తిరిగి పెరిగినవాళ్లం, బేరమాడకపోతే అమ్మేవాడికే అనుమానం వస్తుంది. పైగా మేళాల్లో కార్లో దిగినవాళ్లని చూసి రేటు పెంచేవాళ్లూ ఉన్నారు, ఎందుకు దాచడం. నా గొడవ వేరు. మన ప్రాంతం చేతిపనివాళ్లకి మనం నిజంగా చెయ్యగలిగింది మేళాలో ఓ యాభై రూపాయలు ఎక్కువిచ్చి కొనడం కాదు, మేళా అయిపోయాక ఆర్డర్ ఇవ్వడం. అడ్వాన్సుతో, టైముతో, రాతకోతలతో ఇచ్చే ఆర్డర్. ఆ ఒక్క పని తప్ప అమెరికాలోని మన తెలుగు సంఘాలు మిగతావన్నీ చేస్తాయి. సన్మానం చేస్తాం, శాలువా కప్పుతాం, ఫొటో తీసి గ్రూపులో పెడతాం.

స్టాల్ వెనక లెక్క చూడండి. లక్క పూసిన కర్ర బొమ్మలు చేసే ఏటికొప్పాక ఊరి నుంచి ఒక కుటుంబం పది రోజుల మేళాకి వచ్చిందనుకుందాం. వ్యాను కిరాయి, స్టాల్ అద్దె, ఇద్దరికి భోజనాలు, రాత్రి ఎక్కడో ఒకచోట పడక. కేంద్ర జౌళి శాఖ వాళ్లు పెట్టే గాంధీ శిల్ప్ బజార్ లాంటివైతే కళాకారుడి గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకి కొంత వెసులుబాటు ఉంటుంది, ప్రైవేటు ఎగ్జిబిషన్లలో అదీ ఉండదు. ఇవన్నీ కంటికి కనబడే ఖర్చులు. కనబడనిది ఏమిటంటే, ఆ పది రోజులూ ఊళ్లో ఆ ఇంటి లేత్ (కర్రని తిప్పుతూ చెక్కే మిషను) ఆగిపోతుంది. చెయ్యాల్సిన చేతులు అమ్ముతూ కూర్చున్నాయి. మధ్యలో తుపాను పట్టి రెండు సాయంత్రాలు వాన కురిసిందంటే (మన తీరంలో డిసెంబరులో అది వింతేమీ కాదు) మిగిలిన సరుకు మళ్లీ గుడ్డల్లో చుట్టి, పెట్టెల్లో సర్ది, ఇంకో కిరాయి ఇచ్చి వెనక్కి తీసుకెళ్లాలి. అందుకే చివరి రోజు రాత్రి ఎంతకడిగితే అంతకిచ్చేస్తారు. మన వాళ్లలో ఆ సంగతి తెలిసి చివరి రోజుకే వెళ్లే తెలివైనవాళ్లు కూడా ఉన్నారు.

పోయిన చలికాలం శిల్పారామంలో ఒక స్టాల్ ముందు నిలబడి ఉంటే, పక్కనే ఒకావిడ చేతిలో బొంగరం తిప్పుతూ, "ఇదే ఆన్‌లైన్లో ఇంకా తక్కువకే వస్తోందండీ" అంది. స్టాల్ పెద్దాయన కోప్పడలేదు. "ఆన్‌లైన్లో ఫొటో మాదేనమ్మా, వచ్చే బొమ్మే మాది కాదు" అన్నాడు. అని, ఆ బొంగరాన్ని తీసుకుని తడిగుడ్డతో గట్టిగా రుద్ది గుడ్డ చూపించాడు. రంగు అంటలేదు. ఆవిడ కొనలేదనుకోండి, అది వేరే విషయం.

ఆ రంగు సంగతి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే ధర అంతా అక్కడే ఉంది. అంకుడు కర్ర మెత్తగా, తెల్లగా ఉంటుంది, బాగా ఆరాక లేత్‌కి బిగించి ఉలితో ఆకారం తీస్తారు. బ్రష్షుతో పెయింట్ వెయ్యడం ఉండదు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి ఆనిస్తారు. ఆ రాపిడికి పుట్టే వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఎంత నొక్కాలో చేతికే తెలియాలి, తక్కువైతే పట్టదు, ఎక్కువైతే చారలు పడతాయి. ఆ తర్వాత మొగలి ఆకుతో ఒత్తితే అద్దంలా మెరుపొస్తుంది. పసుపు నుంచి పసుపు రంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం. పసిపిల్ల నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగులు కావాలని చెట్ల రంగుల మీద ఏళ్ల తరబడి పని చేసిన ఏటికొప్పాక సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు (ఆ ఊరి పేరు వేరేవాళ్లు వాడుకోకుండా ఇచ్చే జీఐ ట్యాగ్) వచ్చింది. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటమే ఏటికొప్పాక బొమ్మలది, రాష్ట్రాల శకటాల్లో మూడో బహుమతి కూడా కొట్టింది.

అంటే పేరుకి లోటు లేదు. ప్రధాని నుంచి పక్కింటి పిన్నిగారి దాకా అందరికీ తెలుసు. మరి ఆ ఊళ్లో పిల్లలు అచ్యుతాపురం కంపెనీల్లో ఉద్యోగాలకి ఎందుకు వెళ్తున్నారంటే, అక్కడ నెల జీతం ఒకటో తారీఖున పడుతుంది, ఇక్కడ ఎప్పుడు పడుతుందో తెలీదు. ఎవరైనా అదే చేస్తారు, మనం మాత్రం చేసిందేమిటి, జీతం ఎక్కువొస్తుందనే కదా ఇంత దూరం వచ్చాం. "కళని వదిలేస్తున్నారు" అని మనం వాళ్ల మీద నిట్టూర్చడం నాకు మహా చిరాకు.

వైజాగ్‌కి ఆర్డర్ల మీద బతికిన పనితనం కొత్త కాదు. రెండు మూడు వందల ఏళ్ల కిందటి విశాఖపట్నంలో దంతపు పని చేసేవారు. గంధపు చెక్క, రోజ్‌వుడ్ పెట్టెలు, కుర్చీలు, రాత బల్లలు, వాటి మీద ఏనుగు దంతం తాపడం, ఆ దంతం మీద పువ్వులూ తీగలూ గీరి గీతల్లో నల్ల లక్క నింపేవారు. కొనేది ఎక్కువగా ఈస్టిండియా కంపెనీ దొరలు. వాళ్లు ఇంగ్లండు నమూనాలు చూపించి ఇలాంటిదే కావాలంటే, మన కంసాలివాళ్లు దాన్ని చేసి దాని నిండా మన తీగలూ లతలూ పరిచేవారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వాటిని ఇప్పటికీ చూడొచ్చు, వేలంపాటల్లో "విజగపటం" (విశాఖపట్నాన్ని దొరలు పలికిన తీరు) అన్న పేరుతోనే అమ్ముడవుతాయి. కేటలాగుల్లో ఆ పెట్టె ఏ లార్డుగారి ఇంట్లో ఉండేదో వివరంగా రాస్తారు. చేసినవాడి పేరు మాత్రం దాదాపు ఎక్కడా ఉండదు. ఏనుగు దంతం నిషేధం సబబైనదే, అందులో వాదన లేదు. నేను చెప్పేదల్లా, దూరాన ఉన్న కొనుగోలుదారు ముందుగా చెప్పి చేయించుకున్నందుకే ఆ పనితనం అంత ఎత్తుకి వెళ్లింది. ఇప్పుడు దూరాన ఉన్న కొనుగోలుదారులం మనమే. దొరలు చేసిన పని కూడా మనం చెయ్యలేకపోతున్నాం.

మన తెలుగు సంఘాల కన్వెన్షన్ల సంగతి చూడండి. వేలమంది వస్తారు. వేదిక మీద మూడు రోజులూ ఎవరో ఒకరికి మెమెంటో ఇస్తూనే ఉంటారు. స్పాన్సర్లకి ఒకటి, కమిటీలకి ఒకటి, డ్యాన్స్ చేసిన ప్రతి పిల్లకీ ఒకటి, మెమెంటోలు పంచినవాళ్లకి మళ్లీ ఒక మెమెంటో. అన్నీ అక్రిలిక్కో గాజో, మీద లేజర్‌తో చెక్కిన లోగో, ఎక్కడ తయారైందో అడక్కండి. ఎగ్జిబిట్ హాల్లోకి వెళ్తే సగం రియల్ ఎస్టేట్ వెంచర్లు, మిగతా సగం నగలూ చీరలూ. స్టాల్ ధర వాళ్లే కట్టగలరు కాబట్టి వాళ్లే ఉంటారు. ఒక సంఘం వాళ్లు ఒకసారి "తెలుగు హస్తకళల పెవిలియన్" అని పెద్ద బోర్డు పెడితే ఆశగా వెళ్లాను. లోపల కొండపల్లి బొమ్మల ఫొటోలతో ఒక ఫ్లెక్సీ, దాని ముందు సెల్ఫీ దిగడానికి ఎడ్లబండి. అమ్మడానికి ఒక్క బొమ్మ లేదు.

సింగర్లకి బిజినెస్ క్లాస్ టికెట్లు కొన్నట్టు కళాకారులనీ విమానం ఎక్కించి తీసుకురండి అని నేననడం లేదు. వీసా ఇంటర్వ్యూ టెన్షన్, ఖర్చు, వచ్చాక మూడు రోజులు ఒక మూల కూర్చోబెట్టడం, దానికంటే ఆ డబ్బుతో ఆర్డర్ ఇవ్వడమే వాళ్లకి ఎక్కువ. ఐదొందల మెమెంటోల ఆర్డర్ వస్తే నాలుగైదు ఇళ్లకి పని దొరుకుతుంది, ఎక్కడికీ కదలక్కర్లేదు, లేత్ ఆగక్కర్లేదు, చివరి రోజు రాత్రి అయినకాడికి అమ్ముకోనక్కర్లేదు. ఏటికొప్పాక ఒక్కటే కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేసేవాళ్లు చిన్న గిఫ్టు వీణలు కూడా చేస్తారు, మంత్రులూ అధికారులూ అతిథులకి ఇచ్చేవి అవే. శ్రీకాకుళం వైపు బుడితిలో కంచు, ఇత్తడి పని ఉంది. అరడుగు వీణ చేతికిస్తే ఎవరైనా హోటల్ గదిలో వదిలేసి వెళ్తారా?

"వాళ్లు టైముకి ఇవ్వరండీ" అంటారు కమిటీల్లో. నిజమే, ఇవ్వలేరు, మనం జూలై కన్వెన్షన్‌కి మే నెలలో ఫోన్ చేస్తే. కర్ర కొట్టిన రోజే బొమ్మ కాదు. ఆరని కర్రని చెక్కితే తర్వాత పగులుతుంది, అది మన చేతికి వచ్చాకే పగులుతుంది, అప్పుడు మళ్లీ మనమే క్వాలిటీ లేదంటాం. అంకుడు కర్ర ఇదివరకట్లా దగ్గర్లో దొరకడం లేదు, ముందే కొని పెట్టుకోవాలంటే చేతిలో డబ్బుండాలి. అందుకే అడ్వాన్సు. సగం ముందే ఇవ్వాలి. ఐటీలో ఉన్న మనం కాంట్రాక్టు సంతకం కాకుండా ఒక్క గంట పని చెయ్యం, వాళ్లని మాత్రం నమ్మకం మీద ఐదొందలు చేసి పెట్టమంటాం.

రెండో అభ్యంతరం రవాణా. ఇది నిజంగానే పెరిగిన తలనొప్పి. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికాకి వచ్చే 800 డాలర్ల లోపు పార్సిళ్లకి సుంకం మినహాయింపు తీసేశారు. అందుకని మా బావమరిది పోస్టులో పంపిస్తాడు అనే పద్ధతి ఇదివరకట్లా సాగదు. చిల్లర పార్సిళ్లు కాకుండా సంఘం పేరు మీద ఒకే కన్‌సైన్‌మెంట్, సరైన బిల్లుతో రప్పించుకోవడం మేలు. ఇంకొకటి, పన్నెండేళ్ల లోపు పిల్లల ఆటవస్తువులంటే అమెరికాలో టెస్టింగూ, సర్టిఫికెట్టూ అడుగుతారు. మెమెంటోకి ఆ బెడద ఎందుకు, పెద్దవాళ్లు బల్ల మీద పెట్టుకునే పెన్ స్టాండ్, భరిణె, చిన్న దీపపు సెమ్మె చేయించండి. మన సంఘాల్లో కస్టమ్స్ తెలిసినవాళ్లు, లాజిస్టిక్స్ చేసేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. గోల్ఫ్ టోర్నమెంటు నడపగలిగిన మనం ఒక డబ్బా తెప్పించలేమా?

మూడోది, ఎవరికివ్వాలో ఎలా తెలుస్తుంది అని. మేళాలు పనికొచ్చేది ఇక్కడే. మేళాలో ప్రతి స్టాల్ వెనకా చేసినవాడే ఉంటాడనుకోవద్దు, కొని అమ్మేవాళ్లూ ఉంటారు, భౌగోళిక గుర్తింపు ఉందన్నంత మాత్రాన స్టాల్ దగ్గర నిలబడి ఎవరూ తనిఖీ చెయ్యరు. నకిలీని పట్టుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. "ఈ మూత ఇంత బిగుతుగా ఎలా కూర్చుంది" అని అడగండి. అమ్మేవాడు ధర చెప్తాడు. చేసేవాడు భరిణె మూత తీసి, మళ్లీ పెట్టి, చేతులు తిప్పుతూ పది నిమిషాలు చెప్తాడు, మీకు బోరు కొట్టినా ఆపడు. ఆ మనిషి ఫోన్ నంబర్ తీసుకోండి. ఇంకా మంచిది, హైవే మీద అనకాపల్లి, యలమంచిలి దాటి వరాహ నది పక్కన ఆ ఊరికే వెళ్లండి. అరకు వెళ్లి బొర్రా గుహలు చూసొచ్చే ఓపిక ఉన్నవాళ్లకి అది ఒక పూట పని.

ఈ మాట ఈ మధ్య మా ఊరి కమిటీ కాల్‌లో ఎత్తితే అందరూ "సూపర్ ఐడియా" అన్నారు. ఒకాయన మాత్రం, "ముందు ఒక పది శాంపిళ్లు ఫ్రీగా పంపమనండి, చూసి చెప్దాం" అన్నారు. శాంపిళ్లు చూడటం న్యాయమే. వాటికి డబ్బు కట్టి తెప్పించుకుందాం. వచ్చే జూలైకి కావాలంటే సంక్రాంతికల్లా ఆర్డర్ వెళ్లిపోవాలి, అడుగున లోగో పక్కనే చేసినవాళ్ల పేరు, ఊరు పేరు ఉండాలి. మెమెంటోల కమిటీకి ఈసారి ఎవరూ ముందుకు రాకపోతే నా పేరు వేసుకోండి.