ఎడమ పక్కన ఇద్దరు పెద్దమనుషులు

ముందే చెప్తున్నా, ఆ కాయక్‌లు, అదే ఒక్క మనిషి కూర్చుని తెడ్డేసుకునే సన్న పడవలు, నావి కావు. మా తోడల్లుడివి. బ్లాక్ ఫ్రైడేకి సగం ధరకి వస్తున్నాయని రెండు కొన్నాడు. ఒకటి కొనుక్కుని ఊరుకుని ఉంటే నేనీపాటికి హాయిగా ఉండేవాణ్ణి. రెండోది కూడా కొన్నాడు కాబట్టి అందులో కూర్చోడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. పడవలు మాత్రం ఉండేది మా గరాజ్‌లో. వాళ్ల కాలనీ అసోసియేషన్ ఒప్పుకోదట. మా కారు రోడ్డు మీద ఉంటోంది.

క్రిస్మస్ సెలవులకి అందరం శాన్‌హోసేలో వాళ్లింట్లో చేరాం. ఇండియా నుంచి అత్తగారూ మావగారూ కూడా వచ్చి ఉన్నారు. పొద్దున్నే దోసెల దగ్గర "ఇవాళ ఎల్క్‌హార్న్ స్లూకి పోతున్నాం" అని ప్రకటించాడు.

"ఇవాళ అమావాస్య కదా బాబూ" అన్నారు అత్తగారు.

"అత్తయ్యా, అమావాస్యలూ అవీ అక్కడే వదిలేసి రావాలి" అని నవ్వి, ఇంకో దోసె వేయించుకున్నాడు. పెద్దల్లుడు కదా, ఆయన నవ్వితే అందరూ నవ్వాలి. నేనూ నవ్వాను.

ఎల్క్‌హార్న్ స్లూ అంటే మాంటెరే అఖాతం నుంచి దాదాపు ఏడు మైళ్లు లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పుటేరు. మన కోరంగి ఏర్లు చూసినవాళ్లు, ఆ మడచెట్లన్నీ కొట్టేసి, వాటి బదులు మోకాలెత్తు ఉప్పు మొక్కలు వేసి ఊహించుకోవచ్చు. మొక్కల కింద బురద. ఏరు సముద్రంలో కలిసేచోట మాస్ లాండింగ్ అని చిన్న రేవుంది. 1940ల్లో ఆ రేవు కట్టేటప్పుడు ఇంజనీర్లు ఏటికి సరిగ్గా ఎదురుగా సముద్రంలోకి దారి తవ్వారు. దాంతో లోపలికొచ్చే నీళ్లకీ బయటికి పోయే నీళ్లకీ వేగం పెరిగిపోయి ఒడ్లు కోసుకుపోతున్నాయి. ఇదంతా నేను తర్వాత చదువుకున్నది. చదువుకోడానికి నాకు చాలా తీరిక దొరికింది, ఎందుకో చెప్తాను.

మా తోడల్లుడు మాత్రం థాంక్స్‌గివింగ్ నుంచీ వీడియోలు చూసి సిద్ధంగా ఉన్నాడు. తెడ్డు చేతుల్తో వేస్తే వేసినట్టు కాదట, నడుం తిప్పి వెయ్యాలట. "టోర్సో రొటేషన్ తమ్ముడూ, టోర్సో రొటేషన్!" అని కారు నడుపుతూ కూడా చేసి చూపించాడు. మనిషికొక లైఫ్ జాకెట్ పడవలో ఉండి తీరాలని ఇక్కడి చట్టం. ఆయన పడవలో ఉంది. దాన్ని మడిచి సీటు కింద వేసుకుని కూర్చున్నాడు. ఒంటి మీద జీన్సు, కాటన్ హుడీ. శీతాకాలం ఆ నీళ్లు పన్నెండు పదమూడు డిగ్రీలుంటాయి. అలాంటి నీళ్లలో పడ్డవాడికి ఇక్కడివాళ్లొక లెక్క చెప్తారు: ఊపిరి అదుపులోకి తెచ్చుకోడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ మన మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి ఒక గంట. తడిసిన జీన్సుకి ఆ లెక్కలో ఏమైనా తగ్గింపు ఉందో లేదో నేను అడగలేదు.

మేం దిగింది కర్బీ పార్కు దగ్గర, ఏటికి బాగా పైన. మావగారు మంకీ క్యాపు పెట్టుకుని ర్యాంపు అంచున నిలబడ్డారు. ఆయన కాకినాడ రేవులో సరుకు లెక్కలు చూసే టాలీ గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఓడలు దూరంగా లంగరేసుకుని ఉంటే సరుకంతా కాలవలోంచి బార్జీల మీద వెళ్లే రేవది. ర్యాంపు కాంక్రీటు మీద తడి గీత ఒకటి, నీటి అంచుకి జానెడు పైన, ఇంకా మెరుస్తోంది. దాన్ని చెప్పు కొసతో చూపించి, "పాటు మొదలైనట్టుందండీ అల్లుడుగారూ, నీళ్లు సముద్రంలోకి తీస్తున్నాయి" అన్నారు.

"మేమూ అటే పోతున్నాం మావయ్యా!" అన్నాడు పెద్దల్లుడు.

పోవడం నిజంగానే చాలా బాగుంది. తెడ్డు నీళ్లలో పెట్టకపోయినా పడవ పోతోంది. ఆయన నడుం తిప్పుతున్నాడు, వాచీలో స్పీడు చూసుకుంటున్నాడు, "చూశావా, అంతా టెక్నిక్" అంటున్నాడు. ఏ టెక్నిక్కూ లేని నేను ఒళ్లో చేతులు పెట్టుకుని ఆయన పక్కనే అదే స్పీడులో పోతున్నాను. ఆ సంగతి ఆయన దృష్టికి రాలేదు. సీల్ బెండ్ అనే మలుపు దగ్గర సీల్స్ ఒడ్డెక్కి పడుకుని ఉన్నాయి. పెలికన్లు. దూరంగా పాత పవర్ ప్లాంటు పొగగొట్టాలు రెండు. ఫొటోలు తీసుకున్నాం. ఇక వెనక్కి తిరుగుదాం అన్నాడు.

తిరిగాం. ఒడ్డు దగ్గర ఒక గుంజ మీద నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. తెడ్లు వేశాం. నడుములు తిప్పి వేశాం. భుజాలు పడిపోయేదాకా వేసి తలెత్తి చూస్తే కాకి అక్కడే ఉంది, దానికెదురుగా మేమూ అక్కడే ఉన్నాం. అది రెక్కలు ముడుచుకుని ఎగిరిపోయింది. మేం ఉండిపోయాం.

పడవలవాళ్ల లెక్క ఒకటుంది. ఆరు గంటల్లో దిగాల్సిన నీళ్లు గంటకింతని సమానంగా దిగవు. మొదటి గంటలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడూ నాలుగు గంటల్లో మూడేసి వంతులు, తర్వాత మళ్లీ రెండు, ఒకటి. అంటే నడిమధ్య రెండు గంటల్లోనే సగం ఏరు ఖాళీ. మేం ముహూర్తం పెట్టించుకున్నట్టు సరిగ్గా ఆ రెండు గంటల్లో వెనక్కి తిరిగాం.

"మధ్యలో లాగుడెక్కువ, అంచుల్లో తక్కువ. ఈ పక్క పాయలో దూరి పోదాం" అన్నాడాయన. అంచుల్లో లాగుడు తక్కువన్నది నిజమే. ఆయనతో వచ్చిన చిక్కే అది, సగం ఎప్పుడూ నిజమే చెప్తాడు. పాయలో దూరాం. తెడ్డు మునిగేంత నీళ్లున్నాయి. తర్వాత తెడ్డు సగం మునిగేంత ఉన్నాయి. ఆ తర్వాత పడవ కింద ఏదో మెత్తగా రాసుకున్న చప్పుడైంది. వెనక్కి చూస్తే వచ్చిన దారిలో నీళ్లు లేవు.

పెద్ద ఏటికీ మాకూ మధ్య యాభై అడుగుల బురద. నల్లగా, నున్నగా, కుళ్లిన గుడ్ల కంపుతో. "నువ్వు సన్నగా ఉన్నావుగా, దిగి తొయ్యి" అన్నాడు. కాలు పెట్టాను. మోకాలు దాకా దిగింది. రెండో కాలు పెట్టకముందే తొడ దాకా దిగింది. అటువంటి బురదలో నిలబడకూడదు, ఎంత పీక్కుంటే అంత లోపలికి పోతుంది. పడవ మీదకి వెల్లకిలా పడి కాలు పీక్కున్నాను. షూ రాలేదు. సాక్సు కూడా రాలేదు.

ఇక కూర్చున్నాం. పడవకీ పడవకీ మధ్య పదడుగులు. చేతుల్లో తెడ్లు. ఇద్దరం ఎక్కడికో పోతున్న భంగిమలోనే ఉన్నాం. అప్పుడొచ్చింది సీ ఓటర్.

పాయ మధ్యలో గజం వెడల్పున మిగిలిన కాస్త నీళ్లలో ఆ నీటికుక్క వెల్లకిలా తేలుతూ వచ్చి, మా ముందు ఆగి, పొట్ట మీద గుల్ల పెట్టుకుని పగలగొట్టడం మొదలుపెట్టింది. టక్, టక్, టక్. చూడముచ్చటగా ఉంది. కానీ మా తోడల్లుడి మొహం పాలిపోయింది. నీటికుక్కల జోలికి పోవడం ఇక్కడ ఫెడరల్ నేరం. సముద్రపు క్షీరదాల కోసం 1972లో చేసిన చట్టం ఉంది, అంతరించిపోతున్న జంతువుల చట్టం వేరే ఉంది. కనీసం ఐదు కాయక్‌ల దూరం ఉండమంటారు. మాకూ దానికీ మధ్య ఒక కాయక్ కూడా పట్టదు. ఆయన గ్రీన్ కార్డు ఫైలు ఏళ్ల తరబడి క్యూలో ఉంది.

"తమ్ముడూ, వెనక్కి జరుగు!"

"ఎక్కడికి అన్నయ్యా?"

జవాబు లేదు. ఆయన తెడ్డు బురదలో గుచ్చి వెనక్కి వెయ్యసాగాడు. పడవ అంగుళం కదల్లేదు. తెడ్డు లేచినప్పుడల్లా బురద మాత్రం లేచి నా మీద పడుతోంది. ఒకటి చెవిలో పడింది. చప్పుడుకి కుతూహలం పుట్టిందేమో, ఆ జంతువు గుల్ల చంకలో పెట్టుకుని ఇంకాస్త దగ్గరికొచ్చింది. ఆయన తెడ్డు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ పైకెత్తి, చాలా మర్యాదగా, "సర్, ప్లీజ్" అన్నాడు.

నీటికుక్కని సర్ అన్నాడు. పెళ్లైన దగ్గర్నుంచీ నన్ను ఒక్కసారైనా "గారూ" అనని మనిషి.

అదే సమయానికి పెద్ద ఏట్లో టూరిస్టుల పడవ వచ్చింది. పైన గుడారం వేసిన బల్లపరుపు పడవ, నిండా బైనాక్యులర్లు, ముందు మైకు పట్టుకున్న కెప్టెన్. నీళ్ల మీద మైకు మాట ఎంత స్పష్టంగా వినిపిస్తుందో ఆరోజు తెలిసింది. "కుడి పక్కన బ్రౌన్ పెలికన్లు. ఎడమ పక్కన బురదలో పొడుగు ముక్కులవి మార్బుల్డ్ గాడ్విట్లు. వాటి వెనకాల..." ఆగాడు. "వాటి వెనకాల ఇద్దరు పెద్దమనుషులు."

బైనాక్యులర్లన్నీ ఒక్కసారి మా వైపు తిరిగాయి. బైనాక్యులర్లో మనిషి ఎలా కనపడతాడో తెలుసా? చెవిలో బురదతో సహా కనపడతాడు. ఒకావిడ చెయ్యూపింది. ఒక పిల్లాడు మా గురించి వాళ్ల నాన్ననేదో అడుగుతున్నాడు, ఆ నాన్న చాలాసేపు వివరిస్తున్నాడు.

"బాగానే ఉన్నారా? కోస్ట్ గార్డుని పిలవమంటారా?" అన్నాడు కెప్టెన్.

నేను చెయ్యెత్తాను, పిలవమని చెప్పడానికే. ఈలోగా మా తోడల్లుడు నిండు గొంతుతో, "వీ ఆర్ గుడ్! జస్ట్ వాచింగ్ బర్డ్స్!" అని అరిచాడు. ఎత్తిన చెయ్యి దించలేక నేను ఊపాను. అందరూ తిరిగి ఊపారు.

"సాయంత్రం ఐదు దాకా నీళ్లు దిగుతూనే ఉంటాయి. మళ్లీ మీ దాకా వచ్చేసరికి రాత్రవుతుంది!"

"వీ నో! దట్స్ ద ప్లాన్!"

పడవ వెళ్లిపోయింది. మాకు బైనాక్యులర్లు లేవన్న సంగతి వాళ్లలో ఎవరో ఒకరు గమనించే ఉంటారు.

ఫోను మోగింది. మావగారు.

"ఎక్కడున్నారండీ?"

"బురదలో అండీ."

"ఆయ్, అనుకుంటానే ఉన్నానండి. ఇక్కడ ర్యాంపు కింద కూడా బురద తేలిపోయింది. అమావాస్య పాటు కదండీ, ఊరికే పోదు, మొత్తం లాక్కుపోద్ది. మా బార్జీలోళ్లు తిథి చూసుకునే తాడిప్పేవోళ్లండి. అష్టమికైతే ఇంత లాగదు."

సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలోకొచ్చి లాగే రోజు అమావాస్య. పైగా జనవరి మొదట్లో భూమి సూర్యుడికి ఏడాదిలోకెల్లా దగ్గరగా ఉంటుంది. అందుకే ఈ కాలంలో వచ్చే పెద్ద పోటుపాట్లని కాలిఫోర్నియాలో కింగ్ టైడ్స్ అని పేరు పెట్టి మరీ చూడ్డానికి వస్తారు. ఫోన్లో వెతికితే ప్రభుత్వం వాళ్ల పట్టిక ఉచితంగా దొరికింది: పొద్దున పదింటికి దాదాపు ఏడడుగుల పోటు, సాయంత్రం ఐదింటికి, మామూలు పాటు మట్టం సున్నా అనుకుంటే, దానికి అడుగు పైచిలుకు కిందికి పాటు. ఫోను ఆయన వైపు తిప్పి చూపించాను. పదడుగుల దూరం నుంచే కళ్లు చిట్లించి చూసి, "అది మాంటెరే టైమింగ్. స్లూ లోపలికి కొంచెం లేటుగా వస్తుంది" అన్నాడు.

"ఇదంతా నీకు ముందే తెలుసా అన్నయ్యా?"

"నువ్వు అడగలేదుగా."

చివరికి ఒక కాయక్ టూరు గైడు, పాతికేళ్లు కూడా లేని అమ్మాయి, తన బృందాన్ని ఏట్లో ఆపి మమ్మల్ని బయటికి తెచ్చింది. పడవ వెనక భాగం మీద బోర్లా పడుకోవాలి, బరువంతా పడవ మీదే ఉంచాలి, ఒక్క కాలితో బురదని వెనక్కి తన్నుకుంటూ జారాలి. యాభై అడుగులు. ఆ భాగం నేను రాయను. పైకి పోయే ఆశ పెట్టుకోవద్దని, నీళ్లతోపాటే రేవుకి దిగమని, హైవే వంతెన కింద నుంచి బయటపడగానే కుడిచేతికి తిప్పుకోమని చెప్పి వెంట వచ్చింది. తిప్పుకోకపోతే ఎదురుగా జెట్టీలు, వాటి బయట పసిఫిక్, దాని కింద మాంటెరే లోయ. లైఫ్ జాకెట్ వేసుకునేదాకా మా తోడల్లుణ్ణి కదలనివ్వలేదు. "టోర్సో బాగా తిప్పుతున్నారు" అని కూడా అంది. ఆయన దారంతా మళ్లీ తిప్పాడు.

ఆడవాళ్లు కార్లు వేసుకొచ్చారు. ఏమన్నారన్నది ఇక్కడ అనవసరం.

ఇందాక భోంచేస్తుంటే ఖర్చులు పంచుకునే యాప్ మోగింది. పడవలు కారు మీద కట్టే పట్టీలకి, పెట్రోలుకి, పార్కింగుకి కలిపి నా వాటా ముప్పై ఒక్క డాలర్లట. పద్దు పేరు: బర్డింగ్ ట్రిప్.