అహింసకు పదకొండు చేతులు

అక్టోబర్ 2 దగ్గరపడుతోందంటే సేవా సంఘాల ఫోటోల్లో దుప్పట్లకు చేతులు మొలుస్తాయి. ఒక దుప్పటి, దాన్ని ఇస్తున్న పదకొండు చేతులు, ఓ మూలన పుచ్చుకుంటున్న ముసలమ్మ వేళ్ళు కొద్దిగా. గాంధీ పుట్టినరోజును అంతర్జాతీయ అహింసా దినంగా జరపాలని 2007 జూన్ 15న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ తీర్మానించింది కదా, అందులో విద్య ద్వారా, ప్రజల్లో అవగాహన పెంచడం ద్వారా అహింసా సందేశాన్ని చాటమని ఉంది. దుప్పటి ఊసు లేదు. రాసినవాళ్ళకు పాపం ఫోటోల సంగతి తట్టినట్టు లేదు.

ఆ ఫోటో ఊరికే రాదండీ. పంపిణీ పదింటికి కాబట్టి పుచ్చుకునేవాళ్ళను ఎనిమిదింటికే తెచ్చి ఎండలో వరసగా కూర్చోబెడతారు. ముఖ్య అతిథి పన్నెండున్నరకు దిగుతారు. దీపం, శాలువా, పావురం (అది ఎగరదు, గాల్లోకి తోస్తే వచ్చి మైకు మీద వాలుతుంది), ఆపైన షామియానా నీడలోంచి సహనం మీద నలభై నిమిషాల ప్రసంగం. అప్పుడు దుప్పటి బయటికొస్తుంది. ముసలమ్మ చేతులు చాస్తుంది. 'ఆగమ్మా, బ్యానర్ పడట్లేదు.' ఇచ్చింది వెనక్కి లాక్కుని మళ్ళీ ఇస్తారు. కోశాధికారి గారు ఫ్రేములో రాలేదట, అలిగారు, ఇంకోసారి. 'కొంచెం నవ్వమ్మా.' ఈలోగా ఎవరో పిల్లాడు తొందరపడి కట్టలోంచి దుప్పటి లాగాడని వాలంటీరు వాడి నెత్తిన ఒక్కటిచ్చాడు. చెయ్యెత్తినప్పుడు చొక్కా మీది అహింస బ్యాడ్జీ కాస్త పక్కకు జరిగితే, మళ్ళీ నీటుగా సర్దుకున్నాడు.

1930లో ఉప్పు కోసం సుమారు 385 కిలోమీటర్లు నడిచిన మనిషి పేరున ఇదంతా. ఆయన జైల్లో ఉండగా గుజరాత్‌లోని ధరాసన ఉప్పు డిపో దగ్గర సత్యాగ్రహులు లాఠీలకు తలలు పగులుతున్నా చెయ్యి అడ్డం పెట్టకుండా ముందుకెళ్ళారు. వాళ్ళు ఎవరికీ ఏమీ పంచలేదు, అన్యాయం చేసేవాడికి ఎదురెళ్ళారు. మనవాళ్ళు అతన్నే ముఖ్య అతిథిగా పిలుస్తారు.

నవంబర్ 25కు అదే బ్యానర్, తేదీ మీద కాగితం అతికించి. మహిళలపై హింస నిర్మూలన దినం. 1960లో అదే రోజున, డొమినికన్ రిపబ్లిక్‌లో నియంత ట్రుహియోను ఎదిరించిన మిరాబల్ అక్కచెల్లెళ్ళు ముగ్గురిని కొట్టి చంపారు, అందుకే ఆ తేదీ. ఆ రోజూ దుప్పట్లే! ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషిని స్టేజీ ఎక్కించి, మొహం కనబడేలా ఫోటో తీసి, పేపరుకిచ్చి, దుప్పటి చేతిలో పెట్టి మళ్ళీ ఆ ఇంటికే పంపుతారు. సిగ్గుండాలి. ఆ ఫోటో ఆ కొట్టేవాడి కంట పడితే ఆ రాత్రి ఆమె గతేమిటో మీలో ఒక్కడైనా ఆలోచించాడా? ఆమెకు కావాల్సింది తలదాచుకోవడానికో గది, పోలీస్ స్టేషన్‌కు తోడొచ్చే మనిషి, వాయిదా వాయిదాకీ లాయరు ఫీజు. ఇస్తే అవి ఇవ్వండి, పేరు బయటికి రాకుండా ఇవ్వండి. అంత చేతకాదంటే కనీసం ఆమె మొహం జోలికి పోకండి.