తుక్కు తూకానికి పోతున్న చరిత్ర

పాలమూరు జిల్లాలోని ఒక చిన్న రైల్వే స్టేషనులో మీటరు గేజి (పట్టాల మధ్య మీటరు దూరమే ఉండే చిన్న లైను) కాలం నాటి నీళ్ల స్తంభాన్ని గ్యాస్ కట్టరుతో మూడు ముక్కలు చేసి లారీకెక్కించిన ఫొటోను మా విలేకరి ఈ వారం పంపారు. ఆవిరి ఇంజన్ల దాహం తీర్చిన ఆ పోత ఇనుప స్తంభానికి దక్కిన ఆఖరి పత్రం ఒక తూకం చీటీ. అందులో లారీ నంబరు ఉంది, బరువు కిలోల్లో ఉంది, వస్తువు పేరుండే గడిలో ‘ఇనుప తుక్కు’ అని ఉంది. కోసే ముందు కనీసం ఫొటో తీసుకున్నారా, కొలతలు రాసుకున్నారా అని అడిగితే పనులు చేయిస్తున్నవారు నవ్వి ఊరుకున్నారట. మాకు కోపం తెప్పించింది కోత కన్నా ఆ నవ్వే.

2023 ఆగస్టు 6న దేశంలో 508 స్టేషన్ల పునరభివృద్ధికి శంకుస్థాపన జరిగింది. అదే నెలలో మహబూబ్‌నగర్–డోన్, గుంటూరు–బీబీనగర్ మార్గాల డబ్లింగుకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అంటే పాలమూరు, నల్లగొండ జిల్లాల రైలు మార్గాలు రెండూ ఒకేసారి గునపం కిందికి వచ్చాయి. రెండో లైను కావాలి, క్రాసింగుల కోసం గంటల తరబడి బండ్లు ఆగే రోజులు పోవాలి, పెచ్చులూడే కప్పుల కింద ప్రయాణికులు నిలబడకూడదు. వీటితో మాకు పేచీ లేదు. మా అభ్యంతరమంతా ఒక్కటే: రాసుకోకుండా కూల్చడం.

ఏం పోతున్నదో తెలియనివారి కోసం కొంత చెప్పాలి. సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు వైపు సాగిన మార్గం నిజాం కాలపు మీటరు గేజి లైను. బొగ్గు సింగరేణి నేలది. ఇల్లెందు వైపు పెద్ద లైను మీద వచ్చిన ఆ బొగ్గు, గేజి మారే చోట గంపలకెక్కి, మనుషుల నెత్తిన చిన్న లైను వ్యాగన్లకు చేరితే తప్ప పాలమూరు బండి కదిలేది కాదు. బొగ్గు యార్డు అంటే అందుకే ఒక గుట్ట మాత్రమే కాదు, దాని చుట్టూ బతికిన ఖలాసీలు, ఫైర్‌మన్లు, కూలి ఆడవాళ్లు. ఇంజను బూడిద దులిపే గుంట దగ్గర సగం కాలిన బొగ్గు ఏరి కొంగున కట్టుకుని ఇంటి పొయ్యికి తెచ్చుకున్న ముసలమ్మలు రైల్వే పేటల్లో ఇంకా కొందరున్నారు. పట్టా ముక్కను తాడుతో వేలాడదీసి సుత్తితో కొడితే అదే స్టేషను గంట. సిగ్నలు రెక్క వాలితే బండి వస్తున్నట్టు. చేతిలో అట్ట టికెట్టు. వనపర్తి రోడ్డు, ఆలంపూర్ రోడ్డు అన్న పేర్లలో ఆ ‘రోడ్డు’ ఎందుకుందో, దిగిన తరువాత అసలు ఊరికి ఇంకెంత దూరం పోవాలో ఆ తరానికి ఎవరూ చెప్పనక్కరలేదు.

అంతకన్నా బరువైన సంగతి మరొకటి ఉంది. పాలమూరు లేబరు అనే మాటకు దేశమంతటా గుర్తింపు తెచ్చిన వలసకు ఈ ప్లాట్‌ఫారాలు సాక్షులు. గుంపు మేస్త్రీ తలలు లెక్కపెట్టుకున్నది ఇక్కడే, చంటిపిల్లల్ని చంకన, గిన్నెల మూటను నెత్తిన పెట్టుకుని ఆనకట్టల పనులకు కుటుంబాలు బండెక్కింది ఇక్కడే, వానాకాలానికి దిగినవారిలో ఎవరు తిరిగి రాలేదో ఊరికి తెలిసింది కూడా ఇక్కడే. ఆ రాతి బల్లలను కూడా తుక్కు కిందే లెక్క కడతారా?

కొత్త స్టేషన్లలో స్థానిక సంస్కృతి, వారసత్వం ఉట్టిపడాలన్నది పునరభివృద్ధి పథకం రాసుకున్న నియమం. మహబూబ్‌నగర్, జడ్చర్ల, షాద్‌నగర్, గద్వాల, నల్లగొండ, మిర్యాలగూడ ఆ జాబితాలోనివే. గోడమీద పిల్లలమర్రి బొమ్మ వేస్తారు కాబోలు, వేయనివ్వండి, చెట్టు చాలా పెద్దది. కానీ అసలు వారసత్వాన్ని గ్యాస్ కట్టరుతో కోసి, దాని బొమ్మను ఎనామిల్ రంగులతో గీయించడం ఏ జాతి గౌరవం? ఒక ఆవిరి ఇంజనుకు నల్లరంగు వేసి కార్యాలయం ముందు దిమ్మెమీద నిలబెడతారు. అదే ఇంజనుకు నీళ్లూ బొగ్గూ అందించిన చోటును ఆనవాలు లేకుండా చదును చేస్తారు. 1916 నాటి కాచిగూడ గుమ్మటాలకు దీపాలు పెట్టి మురుస్తారు. అక్కడినుంచి బయల్దేరిన బండి ఆగే చిన్న స్టేషనుకు ఒక్క ఫొటో ఫ్రేము కూడా దక్కదు. కంటికి ఇంపైనదే చరిత్ర అన్న ఈ లెక్క కపటం కాక మరేమిటి? సికింద్రాబాదులో ఆర్చీలతో అందరికీ పరిచితమైన పాత భవనాన్నే 2025లో నేలమట్టం చేసినప్పుడు, దేవరకద్ర, కౌకుంట్ల వంటి స్టేషన్లను అడిగే దిక్కెవరు?

1956 సెప్టెంబరు 2 రాత్రి జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి వందమందికి పైగా మరణించారు. నాటి రైల్వే మంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వగా నెహ్రూ అంగీకరించలేదు. ఆ నవంబరులో అరియలూరు ప్రమాదం తరువాత శాస్త్రి పదవి వదిలారు. పాఠ్యపుస్తకాలు శాస్త్రి నైతికతను చెబుతాయి, చెప్పాలి కూడా. ఆ రాత్రి శవాలను మోసిన ఊళ్లవాళ్ల మాటలను వారు బతికుండగా ఎవరు రాసుకున్నారు?

నల్లగొండకు రైలు స్వాతంత్ర్యం వచ్చిన చాలా ఏళ్లకు గాని రాలేదు కాబట్టి అక్కడ పోయేదేమీ లేదని కొందరు అంటున్నారు. ఇదే ప్రమాదకరమైన తర్కం. 1990లలో గేజి మార్చినప్పుడు బొగ్గు యార్డులు, ఇంజను షెడ్లు ఇలాగే ‘మొన్న మొన్నటివే కదా’ అనిపించుకుని మాయమయ్యాయి. అప్పుడు ఎవరూ అడగలేదు కనుక ఇప్పుడు అడిగితే నవ్వుతున్నారు. ఇప్పుడు ఊరుకుంటే రేపు మిర్యాలగూడలోనూ ఇదే నవ్వు వినాలి. తెలంగాణ వారసత్వ పరిరక్షణ చట్టం 2017లోనే వచ్చింది. కోటలు, గుళ్లు, దేవిడీలు దాటి ఒక రైల్వే క్వార్టరు దాకా రాష్ట్ర ప్రభుత్వం చూపు ఇంకా సాగలేదు. భూమి కేంద్రానిది అన్న సాకు దానికి సిద్ధంగా ఉండనే ఉంది.

మేము మ్యూజియంలు కట్టమని అడగడం లేదు. గునపం దించే ముందు ప్రతి పాత కట్టడానికీ ఫొటోలు, కొలతల నక్షా తీయాలన్న ఒక్క నిబంధనను టెండరు పత్రంలో చేర్చాలి. స్టేషను రిజిస్టర్లను తగలబెట్టకుండా తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పంపాలి. పాలమూరు విశ్వవిద్యాలయం, నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం చరిత్ర విద్యార్థులను రైల్వే పేటలకు పంపి వృద్ధుల మాటలు రికార్డు చేయించాలి. వారికి ఉన్న ఫోన్లు చాలు, నిధులు రాలేదన్న మాట ఇక్కడ చెల్లదు. ఇక రైల్వే, రాష్ట్ర ప్రభుత్వాలు ముందు ఒక చిన్న పని చేయాలి. ఆ లారీ ఏ తుక్కు గోదాముకు వెళ్లిందో తూకం చీటీ పట్టుకుని వెతికి, ఆ మూడు ముక్కలు కొలిమికి చేరకముందే వెనక్కి తేవాలి. గోడలమీద బొమ్మలకు డబ్బు పోస్తున్నవారికి వెల్డింగు ఖర్చు బరువు కాదు.