నల్ల పావురం

మా చర్చిలో సండే స్కూలు చూసే అమ్మాయికి పెళ్లయి, అత్తవారింటికి వెళ్లిపోయింది. శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక పాస్టరు అయ్యగారు నా భుజం మీద చెయ్యి వేసి, "బ్రదర్, ఈ ఆదివారం పిల్లలకు నోవహు ఓడ మీరే చెప్పండి" అన్నారు. జలప్రళయంలో జంతువుల్ని ఓడలో కాపాడిన నోవహు కథే కదా, నాకు తెలియనిదేముంది అని ఒప్పుకున్నాను.

శనివారం పొద్దున్నే బైబిలు మొదటి పుస్తకం ఆదికాండములో ఆరో అధ్యాయం తీశాను. చితిసారకపు మ్రానుతో ఓడ చేయమని ఉంది. ఎదురింటి వడ్రంగిని అడిగితే, "టేకులో రకమా అండీ? అడుగెంత చెప్పారు?" అని నన్నే అడిగాడు. లోపలా బయటా కీలు పూయాలట. నాకు తెలిసిన కీలు మోకాలిలో ఉండేదే. "తారురా అది. నలభై ఏళ్లుగా చర్చికి వెళ్లి ఏం విన్నావు?" అంది వంటింట్లోంచి మా అమ్మ.

కొలతల దగ్గర మాత్రం హుషారొచ్చింది. 300 మూరల పొడుగు, 50 మూరల వెడల్పు, 30 మూరల ఎత్తు. మూర అంటే మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా, సుమారు అడుగున్నర. (మా వీధిలో మల్లెపూలమ్మే ఆవిడ మూరతో కొలిచి ఉంటే ఏనుగులు ఒడ్డునే మిగిలిపోయేవి.) పిల్లల చేత పట్టించి చూపిద్దామని 450 అడుగుల పురికొస కొన్నాను. చర్చి ఆవరణ ఆ మూల నుంచి ఈ మూలకు 100 అడుగులు దాటదని డబ్బులిచ్చాక గుర్తొచ్చింది.

ఇక బొమ్మలు. నీళ్లు తగ్గాయో లేదో చూడటానికి నోవహు మొదట కాకిని, తర్వాత పావురాన్ని వదులుతాడు; పావురం ఓలీవ ఆకు నోట కరుచుకొస్తుంది. రాత్రి పదకొండింటికి మైదాపిండి ఉడికించి, అట్టతో కత్తిరించిన పావురానికి దూది అంటించాను. సగం దూది నా వేళ్లకే అంటుకుంది. ఓలీవ ఆకు ఎక్కడ తెచ్చేది? నోట్లో కరివేపాకు రెమ్మ పెట్టాను. కాకికి మా అబ్బాయి బూట్ల పాలిష్ పూసి అయిదు నిమిషాల్లో తేల్చేశాడు.

ఆదివారం ఇరవైమంది పిల్లలు వచ్చారు. వాన మొదలైంది, నీళ్లు కొండల్ని ముంచాయి, కాకి ఎగిరింది. అంతా నిశ్శబ్దం. గర్వంగా పావురాన్ని పైకెత్తాను.

ముందు వరసలో ఓ బుడతడు బైబిలు మీద వేలు పెట్టి, "అంకుల్, ఇక్కడ నల్ల పావురము అని ఉంది" అన్నాడు.

వంగి చూశాను. ఎనిమిదో అధ్యాయం, ఎనిమిదో వచనం. తొమ్మిదిలోనూ నల్లపావురమే! ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. గోడ మీది క్యాలెండర్ పావురాన్ని చూసి చూసి, ఆ 'నల్ల' మీంచి దూకేస్తూ వచ్చానన్నమాట.

"మరి ఆ తెల్లది ఏమిటంకుల్, కొంగా?" అంది పక్కనున్న పాప.

చప్పున ఉపాయం తట్టింది. కరివేపాకు పీకి కాకి నోట్లో పెట్టి, "ఇదిగో నల్ల పావురం" అన్నాను.

"మరి కాకేది?" అన్నాయి ఇరవై గొంతులు.

ఆరాధన గంట మోగి నన్ను కాపాడింది. తప్పించుకుని పోతుంటే గుమ్మం దగ్గర అయ్యగారు ఆపి, "వచ్చే వారం యోనా" అన్నారు. చేప మింగిన ప్రవక్త కథ అది. ఈసారి అట్ట కొనకముందే గ్రంథం తెరిచాను. 'గొప్ప మత్స్యము' అని ఉంది. మూడుసార్లు వెతికాను. రంగు చెప్పలేదు, మూరలూ చెప్పలేదు. పురికొస ఉండను కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడేమో కనుక్కోవాలి.