సవరణ: స్పార్క్ ప్లగ్గు నంబరు పెరిగితే హాట్ ప్లగ్గు కాదు, కోల్డ్ ప్లగ్గు

గోపాల్‌పూర్ వైపు నడిపే పాత టూ-స్ట్రోక్ జెట్‌స్కీల గురించిన పోస్టులో "నంబరు పెరిగేకొద్దీ హాట్ ప్లగ్గు" అని పడింది. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో లెక్క తిరగేసి ఉంటుంది. 7 కన్నా 8, 8 కన్నా 9 కోల్డ్. అంటే వేడిని ఇంజన్ హెడ్డుకి త్వరగా వదిలేస్తాయి. ప్లగ్గు నల్లగా, తడిగా మసి పడుతోందని 9 వేస్తే మసి ఇంకా ఎక్కువవుతుంది. అసలు ముందు చూడాల్సింది ఆయిల్ పాళ్లు, కార్బురేటర్.

బరంపురం నుంచి ఒకరు బీఆర్8హెచ్‌ఎస్ బదులు బీఆర్8ఈఎస్ వేయొచ్చా అని అడిగారు. వద్దు. రెండింటి మర వ్యాసమూ 14 మి.మీ.యే కాబట్టి చక్కగా ఎక్కేస్తుంది, చిక్కంతా అక్కడే! మర పొడవు 'హెచ్'కి 12.7 మి.మీ., 'ఈ'కి 19. పొట్టి మర హెడ్డులో పొడుగు మరది బిగిస్తే పిస్టన్‌కి తగలొచ్చు.