ద్రవ్యనిత్యత్వ నియమం: పాత పోర్షేల కోసం ఒక సవరణ

ద్రవ్యాన్ని సృష్టించలేం, నాశనం చేయలేం అని లవోయిజర్ చెప్పిన ముక్కను తెలుగు మీడియం పిల్లలం అందరం కంఠతా పట్టినవాళ్ళమే. ఆయన కాలానికి పాత పోర్షే 911లు లేవు కాబట్టి నియమం సగంలోనే ఆగిపోయింది. మిగతా సగం ఇది: ఆ స్పోర్ట్స్ కారు వేగం పెరగాలని అందులోంచి పీకేసిన బరువు ఎక్కడికీ పోదు. యజమాని చెవుల్లోకో, అప్పుల పద్దులోకో, ఇంటి అటక మీదికో చేరుతుంది.

మొదటి రుజువు ఫ్యాక్టరీయే ఇచ్చింది. 1972 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో కరెరా ఆర్‌ఎస్ 2.7 అనే తేలికపాటి 911ని చూపించారు. రేసులకు అర్హత రావాలంటే 500 కార్లు తయారుచేస్తే చాలు. రేకు పల్చన చేశారు, అద్దం పల్చన చేశారు. వెనక సీట్లు లేవు, గడియారం లేదు, లోపలి నుంచి తలుపు తీయడానికి ఒక గుడ్డపట్టీ. ఇంత సన్యాసం చేస్తే స్పోర్ట్ మోడల్ 960 కిలోలకు దిగింది. జనం ఎగబడ్డారు, 1,580 కార్లు తయారయ్యాయి. వాటిలో స్పోర్ట్ కార్లు 200. టూరింగ్ కార్లు మాత్రం 1,308. టూరింగ్ అంటే మరేమీ కాదు, తీసేసిన సుఖాలన్నీ మళ్ళీ పెట్టించుకుని 1,075 కిలోలకు చేరిన కారు. స్పోర్ట్ ప్యాకేజీకి అదనంగా 700 జర్మన్ మార్కులైతే, టూరింగ్‌కు 2,500. బరువు తగ్గించిన కారని కొని, ఆ బరువును అంతకు మూడింతలకు పైగా పోసి తిరిగి తెచ్చుకున్నారన్నమాట. ఇంత నిజాయితీ తర్వాతి తరం యజమానుల్లో కనబడదు.

బంగారం కొట్టులో ఉన్న గ్రాములకు డబ్బు కడతాం. ఈ వ్యాపారంలో లేని గ్రాములకు కడతాం. తరుగు, మజూరీ మాత్రం రెండుచోట్లా తప్పవు.

ఉక్కు రేకులకు బదులు బిగించే ఫైబర్‌గ్లాస్ (గాజు పీచును రెసిన్ అనే జిగురుతో గట్టిపరిచినది) అనగానే తేలిక అనుకోవడం లోకం పోకడ. లెక్క వేసి చూద్దాం. 0.8 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు 6.3 కిలోలు తూగుతుంది. గ్లాస్ మ్యాట్‌ను అచ్చులో పరిచి, బ్రష్‌తో రెసిన్ దండిగా దట్టించిన చవక ప్యానెల్ సాంద్రత నీటికి దాదాపు 1.45 రెట్లు. అది 4.5 మిల్లీమీటర్ల మందం ఉంటే చదరపు మీటరుకు 6.5 కిలోలు. అంటే తేలిక చేయడానికి కొన్నది ఉక్కు కంటే బరువు, ఆపైన వంకర సరిచేయడానికి రుద్దే పుట్టీ ఒకటి. వ్యాక్యూమ్ పెట్టి మిగులు రెసిన్ లాగేసిన 2, 2.5 మిల్లీమీటర్ల ప్యానెల్ అయితేనే తూకంలో తేడా కనిపిస్తుంది. కొట్టుకు వెళ్ళేటప్పుడు ఒక త్రాసు చంకన పెట్టుకు వెళ్ళండి. అమ్మేవాడి ముఖం చూస్తే మందం ఎంతో కొలవకుండానే తెలుస్తుంది.

తెచ్చిన వెంటనే రంగు వేయించే ఉబలాటం కూడదు. ముందు వ్యాక్స్ రిమూవర్‌తో తుడవాలి. అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన మైనాన్ని కడగకుండా సాండ్‌పేపర్ వేస్తే అది గీతల్లోకి దిగి, రంగు చేపకళ్ళలా విచ్చుకుంటుంది. తర్వాత కారుకే బోల్టులతో బిగించి, తలుపు దగ్గర 4 మిల్లీమీటర్ల సందు సరిచూసి, కొన్ని వారాలు ఎండలో వదిలేయాలి. రెసిన్ కుంచించుకునేదంతా రంగు వేయకముందే కుంచించుకోవాలి. బోల్టు కింద పెద్ద వాషర్, రంధ్రంలో లోహపు బుష్ లేకపోతే బిగించే కొద్దీ ఫైబర్ నలుగుతుంది, నాలుగు గుంతల తర్వాత పగులు కనిపిస్తుంది. ఫెండర్ (చక్రం పైని భాగం) రేకులోంచి ఎర్త్ అందుకునే దీపాలుంటే అవి మౌనవ్రతం పడతాయి. ప్లాస్టిక్‌కు కరెంటు తెలియదు. విడిగా ఒక ఎర్త్ వైరు లాగాలి. కార్బన్ ఫైబర్ కొనే శ్రీమంతులకు ఇంకో వేడుక ఉంది: కార్బన్‌కు అల్యూమినియం తగిలి, తడి చేరితే అల్యూమినియం తినేయబడుతుంది. రెంటి మధ్యా గ్లాస్ పొర ఒకటి ఉండాలి.

అసలు హాస్యం ముందు భాగంలో ఉంది. 911కి ఇంజిన్ వెనక. ముందు తేలిక, వెనక బరువు. తొలినాళ్ళలో ఆ ముక్కు గాలికి తేలకుండా ఫ్యాక్టరీ వాళ్ళే ముందు బంపర్ మూలల్లో ఒక్కోటీ 11 కిలోల పోత ఇనుము ముక్కలు దాచారు. 1969 మోడల్‌కు వీల్‌బేస్‌ను (ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని) 2,211 నుంచి 2,268 మిల్లీమీటర్లకు సాగదీసి, ఒక పెద్ద బ్యాటరీకి బదులు రెండు చిన్నవి ముందు రెండు మూలలకు సర్దారు. ఇంత తంటాలు పడి వాళ్ళు ముందు చేర్చిన బరువును మనం ఫైబర్ ఫెండర్లు, ఫైబర్ బానెట్ (ముందు ట్రంకు మూత), తేలికపాటి లిథియం బ్యాటరీ పెట్టి భక్తిశ్రద్ధలతో తీసేస్తున్నాం. తర్వాత స్టీరింగ్ తేలిపోతోందని కంప్లైంటు. ఆ తర్వాత ముందు ట్రంకులో ఇసుక సంచీ. బరువు తగ్గించడం మొదలుపెట్టాల్సింది వెనక నుంచి: ఇంజిన్ మూత, వెనక బంపర్, సైలెన్సర్.

బానెట్ విషయంలో నవ్వకూడదు. మూతను ఎత్తి పట్టుకునే పాత గ్యాస్ స్ట్రట్‌లు ఉక్కు బానెట్ బరువుకు లెక్కకట్టినవి. ఫైబర్ దానికి అలాగే ఉంచితే మూసేటప్పుడల్లా మధ్యలో విల్లులా వంగి, కీళ్ళ దగ్గర చీలుతుంది. బలం తక్కువ స్ట్రట్‌లు వేయాలి, లేదా తీసేసి ఒక కర్ర ఆనించాలి. కీళ్ళు విండ్‌షీల్డ్ వైపు ఉన్నాయి కనుక లాచ్ ఒక్కదాన్ని నమ్మితే హైవే మీద గాలి దాన్ని ఎత్తి అద్దానికి కొడుతుంది. ముందు రెండు పిన్నులు తప్పనిసరి.

చప్పుడు అణచడానికి లోపల అతికించిన తారు షీట్లకు డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) వైద్యం. పావుగంట పరిచి, సుత్తితో తడితే పెంకుల్లా లేస్తాయి. తలుపులు తెరిచి, చేతికి తొడుగులు వేసుకుని చేయాలి, వాయువు ఊపిరాడనివ్వదు. షీట్ల కింద తుప్పు దర్శనమిస్తుంది, అది ఉచితం. ఇక నుంచి పక్క సీట్లో కూర్చున్న భార్య ఏమన్నా వినబడదు. కొందరు దీన్ని లాభాల పద్దులోనే రాస్తున్నారు. పక్క అద్దాలకు బదులు పాలికార్బనేట్ ప్లాస్టిక్ పెట్టినవారు అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో తుడవకండి, మసకబారి సన్నని పగుళ్ళు పడతాయి.

ఇంతా అయ్యాక కారు కాళ్ళు చాచినట్టు పైకి లేచి నిలబడుతుంది. టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగుల్లా కారును మోసే కడ్డీలు) పాత బరువునే మోస్తున్నామనుకుంటాయి. వెనక బారుకు లోపలి చివర 40 పళ్ళు, బయటి చివర 44. లోపల ఒక పన్ను ఒకవైపు, బయట ఒక పన్ను రెండోవైపు తిప్పితే కారు ఎత్తును నిర్ణయించే కోణం ఒక డిగ్రీలో అయిదింట నాలుగు వంతులు మారుతుంది. కోణం కొలిచి, గుర్తు పెట్టి, విప్పి, తిప్పి, బిగించి, డ్రైవరు కూర్చుని, సగం ట్యాంకు పెట్రోలుతో నాలుగు చక్రాల కిందా నాలుగు త్రాసులు. మళ్ళీ విప్పడం. మూడోసారికి కుదురుతుంది.

ఇక విప్పిన ఉక్కు సామాను. పారేయడానికి వీల్లేదు. రేపు కారు కొనడానికి వచ్చినవాడు అడిగే మొదటి ప్రశ్న, ఒరిజినల్ ప్యానెళ్ళు ఉన్నాయా అని. రెండు ఫెండర్లు, బానెట్, రెండు తలుపులు, వెనక సీట్లు, బంపర్లు. వీటి లోపలి మడతల్లో మైనం స్ప్రే చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పాత దుప్పట్లు చుట్టి నిలువుగా పెట్టాలి. ఆ అటక ఎంత బరువు మోస్తుందో మేస్త్రీని ముందే కనుక్కోండి.