హస్తవాసా, కొలతా?

18 ఏళ్లు నిండిన డీజిల్ పికప్ ట్రక్కు అది. పొద్దున్నే ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా ఒక పట్టాన అందుకోదు. అందుకున్నాక రెండు మూడు నిమిషాలు తెల్లటి పొగ వదులుతూ, ఒక సిలిండరు పనిచేయనట్టు కుంటుతుంది. వేడెక్కిన తరువాత మామూలుగానే నడుస్తుంది గాని, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మునుపటి లాగుడు లేదు. ఏళ్ల తరబడి దాన్ని చూసిన మెకానిక్కు వయసు మీదపడి పని మానుకున్నాడు. ఆ తరువాత చూపించిన ఇద్దరిలో ఒకడు డీజిలు పంపు మార్చాలన్నాడు. రెండోవాడు ఇంజను లోపల అరిగి బోరుకొచ్చింది, దింపాల్సిందే అన్నాడు. బండి బావది. అవసరం పడినప్పుడల్లా తాళం అడిగి తీసుకుపోయేది బావమరిది. ఇకమీదట దాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్నదే వీరిద్దరి వాదం. నేను బావమరిది పక్షమని ముందే చెప్పుకోవడం మర్యాద. అలాగని బావ మాటల పదును తగ్గించి రాయలేదు.

బావ: మెకానిక్కును వెతకడమంటే మనిషిని వెతకడమే. వైద్యుడికి ఉన్నట్టే ఈ పనికీ హస్తవాసి ఉంటుంది. మన పాతాయన బండి గేటు దాటి లోపలికి రాకముందే చప్పుడు విని జబ్బు ఏ మూల ఉందో చెప్పేవాడు. పాత డీజిలు బండ్లను ఇంకా నడుపుకుంటున్నవాళ్లు ఎవరి దగ్గరికి పోతున్నారో నలుగురినీ అడిగి తెలుసుకుని, అతన్ని పట్టుకుని, ఆ తరువాత వదలకుండా ఉండడం తప్ప నాకు వేరే దారి కనిపించదు.

బావమరిది: నలుగురినీ అడగడాన్ని నేను కాదనడం లేదు బావగారూ, ఏమని అడుగుతామన్నదే నా సందేహం. ‘మంచివాడేనా’ అని అడిగితే మంచివాడేనంటారు. బండి బాగయిన సంగతి వాళ్లకు తెలుసు గాని, బాగుచేసే పేరుతో మార్చిన నాలుగు భాగాల్లో మూడు నిక్షేపంగా ఉండేవేమో వాళ్లకు తెలిసే వీలు లేదు. అందుకని, ఏ భాగాన్నీ విప్పకముందు అతడు ఏమేం కొలిచి చూశాడని అడగాలి. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. లోపలికి పీల్చిన గాలిని దాదాపు 16వ వంతు నుంచి 22వ వంతు దాకా కుదిస్తే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. చల్లటి ఇంజనులో అది సరిగా అంటుకోలేదంటే చల్లటి ఇంజనును లోపల వేడిచేసే గ్లో ప్లగ్గు మాడిపోయి ఉండవచ్చు, పిస్టన్ రింగులు అరిగి ఆ కుదింపు, అంటే కంప్రెషన్, తగ్గి ఉండవచ్చు, ఇంజక్టరు మంచుతెరలా చిమ్మవలసింది చుక్కలుగా కారుస్తూ ఉండవచ్చు, లేదా రాత్రంతా నిలబడిన బండిలో ఎక్కడో గాలి చొరబడి లైనులోని డీజిలు వెనక్కి ట్యాంకులోకి జారిపోయి ఉండవచ్చు. ఇన్ని కారణాలున్నా, పొద్దున్నే మనకు కనిపించేవి ఆ మొండి స్టార్టు, ఆ తెల్ల పొగే. ఎంత గొప్ప చెవైనా వీటిని విడదీయలేదు. చవకైన పరీక్షలు విడదీస్తాయి. గ్లో ప్లగ్గు తీగ ఊడదీసి మల్టీమీటరు పెడితే ఒక ఓము అటూ ఇటూ చూపాలి. ముల్లు కదలలేదంటే అది మాడిపోయినట్టే. ఫిల్టరుకూ పంపుకూ మధ్య లోపల పారేది కనిపించే పారదర్శకమైన గొట్టం ముక్క ఒకటి వేస్తే గాలి బుడగలు పరుగెత్తడం చిన్నపిల్లలకు కూడా కనిపిస్తుంది. మిగిలిన డీజిలును వెనక్కి పంపే నాలుగు ఇంజక్టర్ల రిటర్న్ గొట్టాలనూ నాలుగు సీసాల్లోకి వదిలి కాసేపు ఇంజను నడిపితే, ఎక్కువగా వెనక్కి కారుస్తున్నది ఏదో సీసాలో మట్టమే చెబుతుంది. ఇవన్నీ అయ్యాకే కంప్రెషన్ గేజి తీయాలి. మొన్న చూసిన ఇద్దరూ వీటిలో ఒక్కటైనా చేశారా? బానెట్ ఎత్తారు, ఒకసారి ఎక్సలేటర్ రేపారు, తీర్పు చెప్పారు.

బావ: కొలిచేవాళ్ల సంగతి నాకూ అనుభవమే. ఆరేళ్ల కిందట నడి రోడ్డు మీద బండి ఆగిపోయినప్పుడు, తెల్లటి పలకలాంటి యంత్రం చేతిలో పట్టుకున్న కుర్రవాళ్లు ఉండే పెద్ద షెడ్డుకు తోయించుకుపోయాను. ఇంజక్టర్లకు డీజిలు పంచే రెయిల్‌లో ఒత్తిడి తక్కువ ఉందని యంత్రం చెప్పిందన్నారు. మొదట సెన్సరు మార్చారు. వారం తిరక్కుండా మళ్లీ ఆగింది. అప్పుడు పంపు మార్చారు. పది రోజులకు మళ్లీ ఆగింది. చివరికి పాతాయన దగ్గరికి పోతే, ఆయన ఏ యంత్రమూ తీయలేదు. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ పోయి, క్లిప్పు పక్కన ఒకచోట దుమ్ము పొడిగా కాక ముద్దలా అంటుకుని ఉండడం చూసి, అక్కడ వేలితో వంచి నాకు చూపించాడు. వెంట్రుక మందాన పగులు ఉంది. జానెడు గొట్టం మార్చాడు. నీ కొలతలు నాకు రెండుసార్లు ఖర్చు పెట్టించాయి, ఆయన వేలు ఒక్కసారితో తేల్చింది.

(ఈ దెబ్బ తగిలిందని ఒప్పుకోవాలి. నేనే బావమరిది స్థానంలో ఉంటే కాసేపు మాట పెగిలేది కాదు.)

బావమరిది: ఆ రెండు ఖర్చులూ దండగేనని నేనూ అంటాను. యంత్రం చూపే కోడు చెప్పేది లక్షణాన్ని. జ్వరం ఉందని థర్మామీటరు చెప్పినంత మాత్రాన అది ఏ జ్వరమో తేలినట్టు కాదు. ఒత్తిడి తక్కువ అనే కోడు వస్తే ఫిల్టరు మూసుకుపోయిందా, గొట్టం గాలి పీలుస్తోందా, ఇంజక్టరు వెనక్కి ఎక్కువ వదులుతోందా, ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటరు మూసుకోవడం లేదా అని వరుసగా చూసుకుని, చిట్టచివర పంపు దగ్గరికి రావాలి. వాళ్లు చివరి మెట్టు మీదికి నేరుగా దూకారు. కానీ పాతాయన చేసిందేమిటో మళ్లీ ఒకసారి తలుచుకోండి. ఆయన ఊహించి చెప్పలేదు. చవకైన చోటు నుంచి మొదలుపెట్టి, చేత్తో వెతికి, కనిపించింది మీకు చూపించి, ఆ తరువాతే మార్చాడు. నేను అడుగుతున్నది సరిగ్గా ఆ పద్ధతినే, మీరు దానికి హస్తవాసి అని పేరు పెట్టారు. ఇంకో సంగతి ఉంది, అది ఇంతకంటే ముఖ్యం. పాత రకం పంపు ఉన్న ఇంజన్లలో ఏ సిలిండరు చచ్చిందో కనుక్కోవడానికి, ఇంజను నడుస్తుండగానే ఒక్కో ఇంజక్టరు పైపు నట్టునూ వదులు చేసి చూడడం తరతరాల అలవాటు. నట్టు వదిలినా ఇంజను చప్పుడు మారలేదంటే ఆ సిలిండరు చచ్చినట్టు. మన బండిది కామన్ రెయిల్, అంటే అన్ని ఇంజక్టర్లకూ ఒకే గొట్టం నుంచి పెద్ద ఒత్తిడితో డీజిలు అందే రకం. అందులో ఒత్తిడి 1,600 బార్ల దాకా, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 1,600 రెట్ల దాకా పోతుంది. అక్కడ నడుస్తున్న ఇంజను మీద ఆ నట్టు వదిలితే సన్నగా చిమ్మే డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి సూదిగుచ్చినంతే కనిపించినా చెయ్యి పోగొట్టుకునే ప్రమాదం అది. మంచి చెవి, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడే స్పానరు పట్టుకుని ఆ పనికి దిగితే, అతని మంచితనం మనకు గాని అతనికి గాని అక్కరకు రాదు. అందుకే మనిషి ఎలాంటివాడన్న దానికంటే ముందు, ఈ ఇంజను అతనికి తెలుసా అన్నది చూడమంటున్నాను. చాలా కామన్ రెయిల్ ఇంజన్లలో ప్రతి ఇంజక్టరు మీదా ఒక కోడు ముద్రించి ఉంటుంది, ఇంజక్టరు మార్చినప్పుడు దాన్ని బండి కంప్యూటరులో ఎక్కించాలి. ‘ఇంజక్టరు మారిస్తే కోడు ఎక్కిస్తారా’ అని ఒక్క మాట అడిగి చూడండి. ‘ఏ కోడు?’ అన్నవాడికి నమస్కారం పెట్టి బయటికి రావచ్చు.

బావ: అడుగుతాను, దానికేం. కానీ నువ్వు చెప్పే పరీక్షలన్నీ కొత్త బండి మీద జరిగినట్టు పాత బండి మీద జరగవు. కంప్రెషన్ గేజి పెట్టాలంటే గ్లో ప్లగ్గులో ఇంజక్టర్లో ఊడదీయాలి. 18 ఏళ్లుగా అక్కడే బిగుసుకుని, మసి పట్టి, తుప్పు పట్టిన గ్లో ప్లగ్గు సగానికి విరిగి సిలిండర్ల పైమూత అయిన హెడ్‌లోనే ఉండిపోతే నీ పరీక్షే కొత్త రోగమవుతుంది. దాని ముక్క బయటికి రాకపోతే హెడ్ దింపాలి. నువ్వు ముందే రాయించుకోమనే ఖర్చు అంచనా కాగితాన్ని అప్పుడు ఏం చేస్తావు? పాత బండికి ముందుగా లెక్క కట్టి ఇవ్వమని పట్టుబడితే, నిజాయితీపరుడు ఇవ్వలేనంటాడు, మోసగాడు తడుముకోకుండా రాసిస్తాడు. నీ జల్లెడలో గింజ కిందికి జారి తాలు పైన మిగులుతుంది.

బావమరిది: ఇది మీరు గెలిచిన చోటే. అంచనా కాగితం అడగమని ఇక అనను. అయితే ఆ విరిగే సంగతి స్పానరు పెట్టకముందు చెప్పేవాడూ, విరిగాక చెప్పేవాడూ ఒకటి కారు. ముందు ఇంజను వేడి చేసి, నూనె పట్టించి, ఒక రోజు నానబెట్టి, అప్పటికీ కదలకపోతే బలవంతపెట్టకుండా ఆపి మనకు కబురు చేసేవాడు కావాలి. ఆ పరీక్షకయ్యే కూలి వేరుగా ఇద్దాం. కనిపెట్టడానికి ఏమీ ఇవ్వకుండా మార్చడానికే ఇస్తామంటే, మార్చడమే అతని బతుకవుతుంది. ఆ తప్పు మనది. తీసిన పాత సామాను మాత్రం చూపించాలి.

బావ: పాత సామాను! షెడ్డు మూలన అరిగిపోయిన ఇంజక్టర్లు బుట్టెడు పడి ఉంటాయి. అందులోంచి ఒకటి తీసి చేతిలో పెడితే అది మన బండిదో కాదో ఏం పట్టి చెబుతావు?

బావమరిది: ముందే రంగు చుక్క పెడతాను.

బావ: పెట్టు. అది చూసిన మరుక్షణం అతను నిన్ను ఎలాంటివాడనుకుంటాడో అదీ ఆలోచించుకో. పని తెలిసిన మెకానిక్కుకు పని కరువుండదు. నమ్మనివాడి బండి ముట్టుకోవలసిన అగత్యం అతనికి లేదు. నువ్వు చుక్కలు పెట్టి, ప్రశ్నలు వేసి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆ రోజుకు పని పూర్తి చేసి పంపుతాడు గాని, రేపు నడి దారిలో బండి ఆగి ఫోన్ చేస్తే ఎత్తడు. పాతాయన అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తేవాడు. అది ఏ గేజి మీద కొలుస్తావు?

బావమరిది: ఫోన్ ఎత్తడం గొప్పేనని ఒప్పుకుంటాను. అయినా ఆ నమ్మకం మొదటి రోజే చేతిలో పెట్టేది కాదు బావగారూ. పెద్ద పని ఇవ్వకముందు చిన్న పని ఇచ్చి చూద్దాం. డీజిల్ ఫిల్టరు మార్చి, దాని అడుగున చేరిన నీళ్లు వదలమందాం. పైపు విప్పేముందు చుట్టూ మట్టి తుడుస్తాడా, విప్పిన పైపు మూతికి గుడ్డ కడతాడా, కొత్త ఫిల్టరు వేశాక హ్యాండ్ పంపుతో లైనులో గాలి తీస్తాడా, లేక అందుకునేదాకా సెల్ఫ్ కొడుతూనే కూర్చుంటాడా అన్నది చూస్తే సగం తెలుస్తుంది. ఇంజక్టరు రంధ్రాలు వెంట్రుక కంటే కాస్త మందంగా ఉంటాయంతే, అక్కడికి ఇసుక రేణువు పోతే ఏమవుతుందో తెలిసినవాడి చెయ్యి ముందుగా గుడ్డ మీదికే పోతుంది. అసలు ఈ ఫిల్టరు నీళ్లు మీరు చివరిసారి ఎప్పుడు వదిలించారు?

బావ: దాని సంగతి ఇప్పుడెందుకు?

బావమరిది: ఎప్పుడో చెప్పండి.

బావ: పాతాయన చూసుకునేవాడు. ఆయన మానేశాక ఎవరూ చూడలేదు. సరే, నా లోపమే. మరి నీ సంగతేమిటి? పోయిన ఏడాది సామాన్లు మోయడానికి బండి తీసుకుపోయినప్పుడు ఇంజను వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటిందని నీ నోటితో నువ్వు చెప్పలేదు. రేడియేటరు మూత దగ్గర మరక చూసి నేను అడిగితే అప్పుడు ఒప్పుకున్నావు.

బావమరిది: దాటిన వెంటనే ఆపాను. పక్కకు పెట్టి నీళ్లు పోశాను.

బావ: ఎంతసేపు ఆగి పోశావు?

బావమరిది: అంటే... ఎక్కువసేపు ఆగలేదు.

బావ: సలసల కాగుతున్న ఇంజనులో చన్నీళ్లు పోశావన్నమాట! హెడ్ వంకరపోవడానికీ పగలడానికీ అంతకంటే ఏం కావాలి? అప్పటినుంచి నెలనెలా ఇంజనును చల్లబరిచే కూలెంటు కొంచెం కొంచెం తగ్గుతోంది, నేనే పోస్తున్నాను. తెల్ల పొగ డీజిలు కాలకపోతేనే వస్తుందా, హెడ్ కింద ఉండే గాస్కెట్ పొర పోయి నీళ్లు లోపలికి చేరితే రాదా?

బావమరిది: వస్తుంది. అలాంటప్పుడు వేడెక్కాక కూడా పూర్తిగా తగ్గకపోవచ్చు, వాసన కాస్త తియ్యగా ఉంటుంది. కూలెంటు తగ్గుతోందన్న ముక్క మీరు ఆ ఇద్దరు మెకానిక్కులకు చెప్పారా?

బావ: చెప్పలేదు. చెబితే ఇంజను దింపాలంటారని భయం వేసింది.

బావమరిది: చెప్పకపోయినా దింపాలనే అన్నాడుగా ఒకడు.

బావ: అదే నన్ను ఇప్పుడు తొలుస్తున్నది. అతను బహుశా రేడియేటరు మూత తీసి ఏదో చూసి ఉంటాడు. మనం అతన్ని దొంగల జాబితాలో వేసుకున్నాం.

బావమరిది: అయినా బోరుకొచ్చిందన్నాడు గాని, గాస్కెట్ అనలేదు. చూసి ఉంటే చూపించి ఉండాల్సింది. అయినా సరే, నా పరీక్షల వరుసలో ఒకటి ముందుకు జరుపుతాను. రేడియేటరు మూతి మీద పెట్టే నీలం మందు పరీక్ష ఒకటి ఉంది. సిలిండరులోని వాయువు నీళ్లలోకి వస్తుంటే ఆ మందు రంగు మారుతుంది. పావుగంట పని, ఏదీ విప్పనక్కరలేదు. రేపు అతని దగ్గరికే పోయి ఇది చేయమందాం. చేసి చూపిస్తే మీ లెక్కలో మనిషి దొరికినట్టు, నా లెక్కలో పద్ధతి దొరికినట్టు. కసురుకుంటే మూడో షెడ్డు వెతుకుదాం.

బావ: పోదాం. కానీ ముల్లు ఎర్ర గీత దాటిన సంగతి నువ్వే చెప్పాలి.

బావమరిది: చెబుతాను.

బావ: చన్నీళ్ల సంగతి కూడా.

బావమరిది: అదీ చెబుతాను. ఫిల్టరులో నీళ్లు వదిలించని సంగతి మాత్రం మీరు చెప్పండి.